అమెరికా రుణ పరిమితి గొడవ నాటకమా? మెజారిటీ ఉన్న పార్టీ కూడా బిల్లు ఎందుకు నెగ్గించుకోలేకపోతుంది?

మీ ప్రశ్న ఇది: "అమెరికా దివాలా తీస్తుందని రెండేళ్లకోసారి హడావుడి జరుగుతుంది, చివరి రోజుల్లో ఎలాగో సర్దుకుంటారు. ఇదంతా ఉత్త నాటకమా? సభలో మెజారిటీ ఉన్న పార్టీ ఒక్క బిల్లు పాస్ చేయించుకోవడానికి ఇన్ని తిప్పలు ఎందుకు పడుతుంది?" డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నారని, దాచుకున్న డబ్బు ఎక్కువ భాగం మనీ మార్కెట్ ఫండ్‌లో ఉందని, దాన్ని తీసేయాలా అని కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. నాటకం కాదు. డబ్బు తీసేయాల్సిన అవసరం కూడా లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. అది చివర్లో రాస్తాను. ఇక అసలు విషయం: ప్రమాదం ఎంతుందో అప్పు మొత్తాన్ని బట్టి తెలియదు. ప్రతినిధుల సభలో అధికార పక్షానికి ఉన్న ఆధిక్యం ఎంత, ఆ పార్టీలో నాయకత్వం మాట వినని సభ్యులు ఎందరు అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. పరిమితి పెంచడానికి కావలసిన ఓట్లు సభలో దాదాపు ఎప్పుడూ ఉంటాయి. కాకపోతే సగం ఒక పార్టీలో, సగం ఇంకో పార్టీలో ఉంటాయి. ఆ రెండు సగాలనూ కలిపి ఓటింగ్ పెట్టించిన స్పీకర్ కుర్చీకే ముప్పు వస్తుంది. అందుకే ఎవరూ ముందుగా ఆ పని చేయరు.

నేను మనీ మార్కెట్ ఫండ్లకు ట్రెజరీ బిల్లులు (అమెరికా ప్రభుత్వం తక్కువ కాలానికి తెచ్చే అప్పు కాగితాలు) కొనే డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. 2011, 2013, 2023 గొడవలు మూడూ అక్కడి నుంచే చూశాను. ఏ ట్రెజరీ బిల్లు ఏ రోజు మెచ్యూర్ అవుతుందో, అంటే గడువు తీరి డబ్బు తిరిగి రావాలో, ఎంత బాగా తెలియాలో, సభలో ఏ వర్గానికి ఎన్ని ఓట్లున్నాయో కూడా అంత బాగా తెలియాల్సిన ఉద్యోగం అది.

ముందు ఒక అపోహ. రుణ పరిమితి పెంచడమంటే కొత్త ఖర్చుకు అనుమతి ఇవ్వడమని చాలామంది అనుకుంటారు. ఖర్చులు ఎంతో, పన్నులు ఎంతో అమెరికా కాంగ్రెస్ అప్పటికే చట్టాలు చేసేసి ఉంటుంది. పింఛన్లు, సైనికుల జీతాలు, ఆసుపత్రులకు మెడికేర్ చెల్లింపులు, పాత అప్పు మీద వడ్డీ, ఇవన్నీ ఇవ్వక తప్పదు. వచ్చే పన్నులు చాలవు కాబట్టి తేడాకు అప్పు తేవాలి. ఆ అప్పు మొత్తం ఇంత దాటకూడదని విడిగా మరో చట్టంలో ఒక అంకె ఉంటుంది. దీని మూలం మొదటి ప్రపంచ యుద్ధానికి డబ్బు సమకూర్చడానికి 1917లో చేసిన బాండ్ల చట్టంలో ఉంది. దాదాపు మొత్తం అప్పుకు కలిపి ఒకే పరిమితి 1939లో వచ్చింది, 4,500 కోట్ల డాలర్లు. 2025 జూలైలో పెంచాక అది 41.1 లక్షల కోట్ల డాలర్లు. అంటే ఖర్చు చేయమని ఆదేశించిన సభే, దానికి డబ్బు తేవడానికి మళ్లీ విడిగా ఓటు వేయాలి. ఆ రెండో ఓటు దగ్గర బేరం మొదలవుతుంది.

మన దేశంలో ఇలా ఎందుకు జరగదని మీరు అడగలేదు గానీ, పోల్చి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. కేంద్రం అప్పుకు పార్లమెంటు పరిమితి పెట్టవచ్చని మన రాజ్యాంగం 292వ అధికరణం చెబుతుంది. అయినా ఏ ఏడాది అప్పు ఆ ఏడాది బడ్జెట్‌తో పాటే సభ ముందుకు వస్తుంది. బడ్జెట్ ఓడిపోతే ప్రభుత్వమే పోతుంది. విప్ ధిక్కరించిన సభ్యుడి సభ్యత్వం ఫిరాయింపుల చట్టం కింద పోతుంది. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది, కొత్త ఎన్నికలు వచ్చాయి, చిక్కు విడిపోయింది. అమెరికాలో బిల్లు ఓడిపోయినా అధ్యక్షుడు కదలడు, సభ రద్దు కాదు, పార్టీకి ఎదురు తిరిగిన సభ్యుడి సీటుకు ఏమీ కాదు. పైగా సొంత నియోజకవర్గంలో చప్పట్లు కొడతారు. చిక్కుముడి విప్పే దారి రాజ్యాంగంలోనే లేదు, గడువు ఒక్కటే మిగులుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అప్పుల మీద మనం పేపర్లో చదివే గొడవ వేరే. 293వ అధికరణం ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పుకు కేంద్రం అనుమతి తీసుకోవాలి. కార్పొరేషన్ల పేరిట తెచ్చిన అప్పులను పరిమితిలో కలపడం మీద 2022లో తెలంగాణకు, కేంద్రానికి నడిచిన వివాదం అలాంటిది. అది ఒక ప్రభుత్వానికీ ఇంకో ప్రభుత్వానికీ మధ్య తగువు. వాషింగ్టన్‌లోది చాలాసార్లు ఒకే పార్టీలోని మనుషుల మధ్య తగువు.

పరిమితి తగిలిన రోజే డబ్బు అయిపోదు. టీవీ చూసి టెన్షన్ పడేవాళ్లు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. 2023లో జనవరి 19న అప్పు 31.4 లక్షల కోట్ల పరిమితిని తాకింది. అక్కడి నుంచి ట్రెజరీ (ఆర్థిక) శాఖ 'అసాధారణ చర్యలు' అనే పద్ధతిలో నెట్టుకొచ్చింది. ఫెడరల్ ఉద్యోగుల పొదుపు పథకంలో జీ ఫండ్ అని ఒకటి ఉంటుంది. అది ప్రభుత్వానికే అప్పు ఇస్తుంది. ట్రెజరీ ఆ ఫండ్ డబ్బును తిరిగి పెట్టుబడి పెట్టడం తాత్కాలికంగా ఆపితే, ఆ మేరకు లెక్కలో అప్పు తగ్గి బయట కొత్త అప్పు తేవడానికి చోటు దొరుకుతుంది. గొడవ తీరాక వడ్డీతో సహా జమ చేయాలని చట్టంలోనే ఉంది కాబట్టి ఉద్యోగులకు నష్టం ఉండదు. మెచ్యూర్ అయిన పాత బిల్లుల స్థానంలో కొత్తవి అమ్ముకోవడానికి కూడా అడ్డు లేదు, మొత్తం పెరగదు కదా.

ఈ చోటు కూడా అయిపోయి చేతిలో నగదు నిండుకునే రోజును ఎక్స్ డేట్ అంటారు. దాన్ని ముందే కచ్చితంగా చెప్పలేరు, ఎందుకంటే అది పన్నుల రాకడ మీద ఆధారపడుతుంది. ఏప్రిల్ 15 దగ్గర పెద్ద మొత్తం వస్తుంది, జూన్ 15న వాయిదా పన్ను వస్తుంది. 2023లో తుఫానుల వల్ల కాలిఫోర్నియాలో చాలామందికి పన్ను గడువు అక్టోబర్ దాకా పొడిగించారు, దాంతో ఏప్రిల్‌లో రావలసినంత రాలేదు. జూన్ 15 దాకా ఈదగలిగితే మరికొన్ని వారాలు గడిచేవి. కానీ జూన్ మొదటి రెండు రోజుల్లోనే 13,000 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపులు ఉన్నాయని ట్రెజరీ కార్యదర్శి జానెట్ యెలెన్ స్పీకర్‌కు రాశారు. మే 25న ఖజానా ఖాతాలో ఉన్నది 4,000 కోట్ల డాలర్ల లోపు. ఆమె మొదట జూన్ 1 అన్నారు, తర్వాత జూన్ 5 అన్నారు. ఇంత సన్నటి తేడాతో నడిచిన వ్యవహారాన్ని నాటకం అనడానికి నాకు మనసొప్పదు.

ఆ వారంలో డెస్క్ దగ్గర ఎలా ఉండేదో చెబుతాను. జూన్ మొదటి వారంలో మెచ్యూర్ అయ్యే బిల్లులను కొనేవాళ్లు లేక ధర పడి, వాటి మీద రాబడి 7 శాతం దాటింది. మరికొన్ని వారాలు దూరంగా మెచ్యూర్ అయ్యేవాటి మీద రాబడి అంతకంటే బాగా తక్కువ. ప్రపంచంలో అన్నిటికంటే భద్రమైనదిగా చెప్పుకునే కాగితం, తేదీ ఒక్కటి వేరయ్యేసరికి అంత చవకైపోయింది. మేం ఆ తేదీల బిల్లులను అంతకుముందే వదిలించుకున్నాం. ప్రభుత్వం డబ్బు ఎగ్గొడుతుందని ఎవరమూ అనుకోలేదు. భయం వేరే. మెచ్యూరిటీ రోజు దాటిన బిల్లు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ చెల్లింపు వ్యవస్థలో ఆగిపోతుంది, చేతులు మారదు. ఆలస్యమయ్యేలా ఉంటే ట్రెజరీ ముందురోజు రాత్రే చెప్పాలి, అప్పుడే ఆ తేదీని ఒక రోజు పొడిగించగలరు. మరుసటి రాత్రి మళ్లీ ఇంకో రోజు. ఫండ్‌లోంచి మీలాంటివాళ్లు అదే రోజు డబ్బు అడుగుతుంటే, నా దగ్గర అమ్ముడుపోని కాగితం ఉండకూడదు. అంతే లెక్క.

ఇలా ఆలస్యం అసలు జరగనే లేదని కొందరు రాస్తుంటారు. 1979లో జరిగింది. పరిమితి పెంపు చివరి నిమిషం దాకా నానడం, కార్యాలయంలో యంత్రాల లోపం కలిసి సుమారు 12 కోట్ల డాలర్ల బిల్లులకు చెల్లింపు కొన్ని రోజులు ఆలస్యమైంది. చిన్న మొత్తం కాబట్టి అక్కడితో ఆగింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, నాకు ఎక్కువ ముఖ్యమనిపించేది. 2023లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 222, డెమొక్రాట్లు 213. అందరూ హాజరైతే రిపబ్లికన్ నాయకత్వం నలుగురిని మాత్రమే పోగొట్టుకోగలదు. కెవిన్ మెకార్తీ స్పీకర్ కావడానికే 15 సార్లు ఓటింగ్ జరిగింది. ఆ కుర్చీ కోసం ఒప్పుకున్న షరతుల్లో ఒకటి, ఒక్క సభ్యుడు అడిగినా స్పీకర్ తొలగింపు తీర్మానం చేపట్టాలన్నది. రుణ పరిమితి బేరం మొదలుకాకముందే ఆ బేరానికి ధర ఎవరు చెల్లిస్తారో అక్కడే తేలిపోయింది.

ఏప్రిల్ 26న తన పార్టీ ఓట్లతోనే ఆయన ఒక బిల్లు నెగ్గించారు: 217-215. ఖర్చులకు భారీ కోత పెడితేనే పరిమితి పెంపు అన్నది దాని సారం. సెనేట్ డెమొక్రాట్ల చేతిలో ఉంది కాబట్టి అది చట్టమయ్యే దారి లేదు. అయినా ఆ ఓటుకు విలువ ఉంది. తన దగ్గర 217 మంది ఉన్నారని చూపించాకే అధ్యక్షుడు బైడెన్ బేరానికి కూర్చున్నారు. అప్పటిదాకా షరతులు లేకుండా పెంచాలన్నది వైట్‌హౌస్ మాట.

మే 31న ఒప్పందం బిల్లు సభకు వచ్చింది. దాని అంకెలు చూడండి. అనుకూలం 314, వ్యతిరేకం 117. అనుకూలంగా వేసినవాళ్లలో రిపబ్లికన్లు 149, డెమొక్రాట్లు 165. స్పీకర్ సొంత పార్టీ కంటే ప్రతిపక్షం ఎక్కువ ఓట్లు ఇచ్చింది. అంతకంటే గమనించాల్సింది ఆ మధ్యాహ్నం జరిగిన మరో ఓటింగ్. ఏ బిల్లుకైనా ముందు, దాని మీద చర్చ ఎలా జరగాలో చెప్పే 'రూల్' నెగ్గాలి. రూల్‌కు అధికార పక్షం మొత్తం ఓటేయడం, ప్రతిపక్షం మొత్తం వ్యతిరేకించడం ఆనవాయితీ. ఆ రోజు 29 మంది రిపబ్లికన్లు తమ రూల్‌నే వ్యతిరేకించారు. 52 మంది డెమొక్రాట్లు ఆదుకోబట్టి నెగ్గింది. వాళ్లు కూడా ఆనవాయితీ ప్రకారం వ్యతిరేకించి ఉంటే, 314 మంది మద్దతున్న బిల్లు ఆ రోజు ఓటింగ్ దాకా వచ్చేదే కాదు. సభలో ఓట్లు ఉండటం ఒకటి, వాటిని లెక్కపెట్టే రోజు రావడం మరొకటి.

మరుసటి వారంలోనే డజను మంది దాకా సభ్యులు కోపంతో సంబంధం లేని ఇంకో బిల్లు రూల్‌ను ఓడించారు. 2002 తర్వాత సభలో రూల్ ఓడిపోవడం అదే మొదటిసారి. అక్టోబర్ 3న 216-210తో మెకార్తీ పదవి పోయింది. ఎనిమిది మంది రిపబ్లికన్లు, ఓటు వేసిన డెమొక్రాట్లందరూ కలిసి దించేశారు. దానికి దగ్గరి కారణం షట్‌డౌన్ (ఖర్చు బిల్లులు పాస్ కాక ప్రభుత్వ కార్యాలయాలు మూతపడటం) తప్పించడానికి ఆయన డెమొక్రాట్ల ఓట్లు తీసుకోవడం. దాని కింద పేరుకున్న కోపంలో పెద్ద పాలు మే నెల ఒప్పందానిదే.

ఇది మెకార్తీ ఒక్కడి కథ అయితే ఇంత రాయను. రిపబ్లికన్ జాన్ బేనర్ స్పీకర్‌గా ఉండగా 2013 అక్టోబర్‌లో, 16 రోజుల షట్‌డౌన్ తర్వాత, పరిమితి బిల్లు 285-144తో నెగ్గింది. ఆ 144 మందీ ఆయన పార్టీవాళ్లే. 2014 ఫిబ్రవరిలో 28 మంది రిపబ్లికన్లు మాత్రమే తోడు రాగా డెమొక్రాట్ల ఓట్లతో మళ్లీ గట్టెక్కించారు. 2015లో తొలగింపు తీర్మానం పడింది, సెప్టెంబర్‌లో రాజీనామా ప్రకటించారు, దిగిపోయే ముందు చివరి రోజుల్లో మరోసారి ఇదే పని చేశారు. ఆయనకు ఎలాగూ కుర్చీ పోయింది కాబట్టి చేయగలిగారని నా అభిప్రాయం. బేనర్ పార్టీకి అప్పుడు 230 పైన సీట్లున్నాయి, మెకార్తీకి 222. అందుకే మొదట్లో రెండు అంకెలు చూడాలన్నాను. పెద్ద ఆధిక్యం ఉన్నా, మాట వినని వర్గం దానికంటే పెద్దదైతే అది పలచటి ఆధిక్యమే.

స్పీకర్‌ను దాటి వెళ్లే దారి లేదా అంటే, ఉంది. 218 మంది సంతకాలు చేస్తే బిల్లును నేరుగా సభలోకి తేవచ్చు. 2023లో డెమొక్రాట్లు ప్రయత్నించారు. తమవాళ్ల సంతకాలు పెట్టించగలిగారు, అవతలి పక్షం నుంచి కావలసిన ఐదుగురు రాలేదు. పైగా ఆ పద్ధతికి వారాలు పడుతుంది. అమెరికా రాజ్యాంగం 14వ సవరణ ప్రకారం పరిమితే చెల్లదని ప్రకటించడం, లక్ష కోట్ల డాలర్ల ప్లాటినం నాణెం ముద్రించి అప్పు లేకుండా గడపడం లాంటివి ప్రతిసారీ చర్చకు వస్తాయి. కోర్టు కేసు నడుస్తుండగా వేలంలో అమ్మిన బాండ్ చెల్లుతుందో లేదో తెలియకుండా నేనైతే కొనను. మార్కెట్లో చాలామంది కొనరు.

ఒక పార్టీ మీదే నేరం మోపుతున్నానని అనుకోకండి. 2006లో సెనేటర్‌గా ఉన్న ఒబామా పరిమితి పెంపుకు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ బిల్లు 52-48తో నెగ్గింది. అధ్యక్షుడయ్యాక ఆ ఓటు తప్పని ఆయనే ఒప్పుకున్నారు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వ్యతిరేకించడం రెండు పార్టీలకూ అలవాటే. 2011 నుంచి మారింది ఏమిటంటే, అంతకుముందు బిల్లు నెగ్గుతుందని తెలిసి నిరసనగా వేసే ఓటు, నిజంగానే ఆపడానికి వేసే ఓటుగా మారింది. ఆ ఏడాది ఆగస్టు 2న ఒప్పందం చట్టమైంది, ఆగస్టు 5న రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ అమెరికా రుణ రేటింగ్‌ను మొదటిసారి తగ్గించింది. ఆ గొడవ వల్ల ఆ ఒక్క ఆర్థిక సంవత్సరంలో అప్పు ఖర్చు దాదాపు 130 కోట్ల డాలర్లు పెరిగిందని ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క కట్టింది. 2023 ఆగస్టులో మరో రేటింగ్ సంస్థ ఫిచ్ రేటింగ్ తగ్గించినప్పుడు కూడా పదేపదే జరిగే ఈ రుణ పరిమితి తగాదాలను కారణాల్లో చెప్పింది.

2025లో వేరే దారి పట్టారు. అధ్యక్ష పదవి, రెండు సభలు రిపబ్లికన్లవే, కానీ ప్రతినిధుల సభలో గెలిచింది 220-215తోనే. 2024 డిసెంబర్‌లో, ఇంకా పదవిలోకి రాకముందే, పరిమితి సంగతి తేల్చేయమని ట్రంప్ అడిగితే 38 మంది రిపబ్లికన్లు కాదన్నారు, బిల్లు 174-235తో ఓడిపోయింది. తర్వాత ఆ పెంపును పన్ను కోతల పెద్ద బిల్లులో కలిపేశారు. బడ్జెట్ సంబంధమైన ఆ పద్ధతిలో, మామూలు బిల్లులకు సెనేట్‌లో కావలసిన 60 ఓట్లు అక్కర్లేదు. పెంపు ఇష్టం లేనివాడు కూడా పన్ను కోతల కోసం మింగాల్సి వచ్చింది. మే 22న ప్రతినిధుల సభలో 215-214. ఆ ఏడాది ముగ్గురు డెమొక్రాట్ సభ్యులు చనిపోయి వాళ్ల సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఒకరు ఆ ఓటింగ్‌కు ముందురోజే కన్నుమూశారు. జూలై 1న సెనేట్‌లో 50-50 అయితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. జూలై 4న చట్టమై పరిమితి 5 లక్షల కోట్ల డాలర్లు పెరిగింది. అలా ఆ ఏడాది రుణ పరిమితి గొడవ లేకుండా గడిచింది. స్పీకర్ తొలగింపు తీర్మానానికి కనీసం తొమ్మిది మంది అధికార పక్ష సభ్యులు కావాలని కూడా 2025లో నిబంధన మార్చారు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ నా లెక్కలో చాలా పెద్దది.

ఇక మీ సొంత సంగతి.

షట్‌డౌన్ వేరు, రుణ పరిమితి వేరు. షట్‌డౌన్ అంటే అక్టోబర్ 1న మొదలయ్యే కొత్త ఆర్థిక సంవత్సరం ఖర్చు బిల్లులు పాస్ కాక కార్యాలయాలు మూతపడటం. మీ వీసాకు తగిలేది అదే. కార్మిక శాఖ మూతపడితే హెచ్1బీకి ముందు కావలసిన ఎల్‌సీఏ (జీతం, పని షరతుల మీద కంపెనీ ఆ శాఖకు పెట్టే దరఖాస్తు) పని ఆగిపోతుంది, 2013లోనూ 2025లోనూ ఆగింది. మీకు పొడిగింపు గానీ కంపెనీ మార్పు గానీ ఉంటే సెప్టెంబర్ నెలాఖరుకు ముందే ఎల్‌సీఏ వేయించమని మీ కంపెనీ లాయర్‌ను అడగండి. రుణ పరిమితి గొడవ మీ వీసాను నేరుగా తాకదు, మీ డబ్బును తాకవచ్చు.

డబ్బు విషయంలో, గొడవ చూసి అన్నీ అమ్మేసినవాళ్లు నష్టపోవడమే ఎక్కువ చూశాను. 2011లో రేటింగ్ తగ్గాక వచ్చిన మొదటి సోమవారం అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 600 పాయింట్లకు పైగా పడింది. అదే రోజు జనం భద్రత కోసం కొన్నది రేటింగ్ తగ్గిన ఆ అమెరికా బాండ్లనే. అందుకని ముందే ఊహించి అటూ ఇటూ దూకవద్దు. నేరుగా ట్రెజరీ బిల్లులు కొనే అలవాటుంటే, ఇంటి డౌన్ పేమెంట్‌కో ఊళ్లో స్థలం రిజిస్ట్రేషన్‌కో ఫలానా రోజుకు కావలసిన డబ్బును ఎక్స్ డేట్ దగ్గర మెచ్యూర్ అయ్యే బిల్లులో పెట్టకండి. ఇంటి అద్దె, ఇంటికి పంపే డబ్బు, రెండు నెలల ఖర్చు బీమా ఉన్న బ్యాంకు ఖాతాలో ఉంచండి. ఒక బ్యాంకులో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది.

తర్వాతి గొడవ ఎప్పుడంటే, ఇప్పుడున్న వేగంతో అప్పు 41.1 లక్షల కోట్లను 2027లో తాకుతుందని నా అంచనా. 2026 నవంబర్ ఎన్నికల్లో వచ్చే సభే దాన్ని ఎదుర్కొంటుంది. కాబట్టి ఆ ఫలితాల్లో ఎవరు గెలిచారన్న దానితో పాటు, ఎంత తేడాతో గెలిచారో, తొలగింపు తీర్మానం నిబంధన ఆ జనవరిలో ఎలా రాసుకున్నారో చూడండి. ఆ తర్వాత ట్రెజరీ కార్యదర్శి స్పీకర్‌కు రాసే ఉత్తరం ఒకటి బయటికొస్తుంది, అందులో తేదీ ఉంటుంది. మీ ఫండ్ వెబ్‌సైట్‌లో హోల్డింగ్స్ జాబితా తెరిచి, ఆ తేదీకి తర్వాత రెండు వారాల్లో మెచ్యూర్ అయ్యే బిల్లులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. మంచి ఫండ్ అయితే అప్పటికే చాలా తక్కువ ఉంటాయి. ఎక్కువ కనిపిస్తే ఆ ఫండ్‌వాళ్లకు ఫోన్ చేసి కారణం అడగండి.